గురుడోంగ్మార్‌కి తీసుకెళ్ళిన రుమాలా

2019 మేలో సిక్కిం వెళ్ళాం, నేనూ మా ఆఫీసు ఫ్రెండూ. వాడు సిక్కు, హైదరాబాద్ సిక్ ఛావనీ వాడు, తెలంగాణ యాస నాకంటే వాడికే బాగా వచ్చు. నేను మంచు చూద్దామని బయల్దేరాను. వాడు మాత్రం గురుడోంగ్మార్ సరస్సు గురునానక్ వెళ్ళిన చోటని, వాళ్ళ పవిత్ర గ్రంథం గ్రంథ్ సాహిబ్ మీద కప్పే బట్ట, రుమాలా ఒకటి వాళ్ళమ్మతో కుట్టించి మరీ తెచ్చాడు.

దారిలో చుంగ్‌థాంగ్‌లో గురుద్వారా ఉంది, ఆగుదామంటే ముందు పైకే అన్నాడు. రాత్రి లాచెన్‌లో పడుకుని నాలుగింటికే లేచి, తంగులో టీ తాగి, గురుడోంగ్మార్ సరస్సు చేరేసరికి నా తల పగిలిపోతోంది, 17,800 అడుగులు మరి, పది అడుగులేస్తే ఆయాసం.

గొడవేంటంటే, ఆ సరస్సు పేరులోని గురువెవరన్నదే. లాచెన్ బౌద్ధులకి గురువంటే టిబెట్‌కి బౌద్ధం తెచ్చిన పద్మసంభవుడు, ఆయన చెయ్యి పెట్టిన చోట చలికాలంలో కూడా నీళ్ళు గడ్డకట్టవంటారు. సిక్కులు అదే మాట నానక్ గురించి చెప్తారు. 1990ల చివర్లో అక్కడి సైనికులు సరస్సు దగ్గర గురుద్వారా కట్టారు, స్థానికులు ఒప్పుకోలేదు. 2017 ఆగస్టులో గ్రంథ్ సాహిబ్‌ని, సామాన్లని కిందికి తెచ్చి చుంగ్‌థాంగ్ గురుద్వారా దగ్గర రోడ్డు మీద వదిలేశారని సిక్కుల ఆరోపణ. కేసు సిక్కిం హైకోర్టుకెళ్తే యథాతథ స్థితి ఉంచమంది.

ఇదంతా మావాడికి తెలుసు. "ఆడ గ్రంథ్ సాహిబ్ లేదని తెల్వదా నాకు? ఈడిదాకా వచ్చినం, పోదాం" అన్నాడంతే. ఒడ్డున బౌద్ధుల జెండాల పక్కన తల వంచి, పెదాలు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు. రుమాలా బ్యాగులోంచి తీయలేదు. మా డ్రైవర్ లాచెన్ మనిషి, కాస్త దూరంలో ఆయనా దండం పెట్టుకుని సీసాలో నీళ్ళు పట్టాడు, మావాడూ పట్టాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాకు ఎవరి కథ నిజమో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు, ముందు కిందికి దిగితే చాలనిపించింది.

తిరుగు దారిలో చుంగ్‌థాంగ్‌లో ఆగాం. రుమాలా అక్కడే ఇచ్చాడు. గ్రంథ్ సాహిబ్ చదివే గ్రంథీ రెండు చేతులా అందుకున్నాడు, ఏమీ అడగలేదు.

లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, వేడి వేడి రొట్టె, పప్పు. డ్రైవర్‌ని కూడా రమ్మన్నాం. ఆకలి లేదని జీపులోనే ఉండిపోయాడు. పొద్దున తంగులో తాగిన టీ తప్ప ఆయన కడుపులో ఏమీ లేదు.