పాత ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్కు

తిరుపతిలో మా అక్క డిగ్రీ చదివే రోజుల నుంచి వాడుతున్న ల్యాప్‌టాప్‌లోని పాత హార్డ్ డిస్కును, అంటే నిమిషానికి 5400 సార్లు తిరిగే దానిని, నిన్న తీసివేసి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అమర్చాను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని ఈ యంత్రంపై విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అందుకే పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకొని, యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌లో బూట్ క్రమాన్ని (ఏ డిస్కు నుంచి మొదలవ్వాలనే వరుసను) మార్చి, 2029 వరకు ఉచితంగా నవీకరణలు అందే ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించాను. మెమరీ, ప్రాసెసర్ బాగానే ఉన్న యంత్రాన్ని డిస్కు మందగించిందన్న ఒక్క కారణంతో పారవేయడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. సెట్టింగులలో తెలుగు కీబోర్డు చేర్చగానే అక్క సంబరపడి పాఠాల నోట్సు టైపు చేయడం మొదలుపెట్టింది. పాత డిస్కులోని పెళ్లి ఫోటోలను దానిని బయటి నుంచి కలిపే యూఎస్‌బీ కేసు ద్వారా ఇంకా ఎక్కించవలసి ఉంది.