నా థీసిస్‌ని నేనే కాపీ కొట్టానట!

ప్లేజరిజం సర్టిఫికెట్, అంటే థీసిస్ కాపీ కాదనే కాగితం, నిన్ననే చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే యూనివర్సిటీ లైబ్రరీ నుంచి మాకు రెండు కాగితాలు కావాలి. ఒకటి నో డ్యూస్, రెండోది సిమిలారిటీ రిపోర్ట్ (థీసిస్ వేరే రాతలతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క) మీద లైబ్రేరియన్ సంతకం. పుస్తకాలు తిరిగిచ్చి, ఉన్న ఫైన్ కట్టేస్తే నో డ్యూస్ ఫారం మీద స్టాంపు వేసేశారు. రీసెర్చ్ సెక్షన్‌ని పై అంతస్తుకు మార్చిన సంగతి తెలియక పాత గది దగ్గర కాసేపు పడిగాపులు పడ్డాను. నోటీసు వెబ్‌సైట్‌లో పెట్టారట. తలుపుకి కూడా ఒక కాగితం అంటిస్తే వాళ్ల సొమ్మేం పోయేదో!

అసలు కథ పైన కౌంటర్ దగ్గర. రిపోర్ట్ రాగానే అక్కడి ఉద్యోగి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా, క్యూలో ఉన్న జూనియర్లందరికీ వినపడేలా "డెబ్బై ఒక్క శాతమమ్మా!" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అరవై దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్, తెలుసుగా?" అని కూడా వడ్డించాడు. నా వెనకున్న అమ్మాయి ఒక అడుగు వెనక్కి జరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

స్క్రీన్ ఇటు తిప్పమని అడిగాను. జాబితాలో మొదటి మూలం, ఎర్ర రంగులో, మా యూనివర్సిటీ పేరే! పక్కన 'స్టూడెంట్ పేపర్' అని ఉంది. అప్పుడు వెలిగింది. ఆ మధ్య ఇదే లైబ్రరీ రీసెర్చ్ స్కాలర్లకి వర్క్‌షాప్ పెట్టింది. "మీ సొంత డ్రాఫ్ట్ తెచ్చుకోండి, చెక్ చేసి చూపిస్తాం" అన్నారు. తీసుకెళ్లాను, వాళ్లే అప్‌లోడ్ చేశారు. రిపాజిటరీలో, అంటే ఆ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో, దాచొద్దు అనే ఆప్షన్ ఒకటుంటుంది. దాన్ని ఎంచుకోకుండానే బటన్ నొక్కారు. దాంతో నా డ్రాఫ్ట్ అందులో కూర్చుంది. ఇప్పుడు నా థీసిస్ దానితోనే సరిపోలింది. వర్క్‌షాప్‌కి వచ్చిన పెద్దమనిషి గ్రూప్ ఫొటో మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ సెట్టింగ్ మీద పెట్టుంటే నాకీ ఖర్మ పట్టేది కాదు.

ఇదంతా చెబితే ఆ ఉద్యోగి "అవన్నీ మాకు తెలీదమ్మా, మేం శాతమే చూస్తాం" అన్నాడు. గైడ్ గారికి ఫోన్ చేస్తే "ఒక లెటర్ రాసివ్వమ్మా" అని పెట్టేశారు. డిప్యూటీ లైబ్రేరియన్ సెలవు నుంచి వచ్చేదాకా రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

ఆ ఖాళీలో ప్లేజరిజం మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలు ప్రింట్ తీసి మొత్తం చదివాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు, పందెం! 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 లోపైతే గరిష్ఠంగా 6 నెలల్లో సరిచేసి ఇవ్వాలి. 40 దాటి 60 లోపైతే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, నిజమే. కానీ ఆ శిక్ష పడేది ప్యానెల్ విచారణ జరిగాక, కౌంటర్ దగ్గర కాదు. పైగా రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు లెక్కలోకే రావు. వరసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిసినా పట్టించుకోరు.

డిప్యూటీ లైబ్రేరియన్ మేడమ్ మంచావిడ. ఎర్ర రంగు మూలం తెరిచి చూసి, దాన్ని తీసేసి, రిఫరెన్సుల ఫిల్టర్ పెట్టి మళ్లీ నడిపారు. 7 శాతం! ఆ మాట మాత్రం ఎవరూ గట్టిగా చదవలేదు. నేనే చదివాను, క్యూ మొత్తానికి వినపడేలా.

మీరు వర్క్‌షాప్‌కి వెళ్తే సొంత డ్రాఫ్ట్ ఇవ్వకండి, ఎవరిదైనా పాత అసైన్‌మెంట్ ఇవ్వండి. తప్పనిసరైతే రిపాజిటరీ సెట్టింగ్ మీ కళ్లెదుటే మార్పించండి. శాతం చెప్పి పంపేస్తే కదలకండి, రిపోర్ట్ పూర్తి పీడీఎఫ్ అడగండి.

మిగిలింది శోధ్‌గంగ కోసం ఫైళ్లు ఇవ్వడం. ఒక్కో అధ్యాయం విడి పీడీఎఫ్‌గా చేయాలి, అదేం కష్టం కాదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో పెట్టడానికి మా లైబ్రరీ అడిగింది మాత్రం సీడీ. నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదంటే "మా కంప్యూటర్‌కీ లేదమ్మా, ఫైల్లో పెట్టడానికి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. సంతకం పెట్టారు.