డిస్‌ప్లే డ్రైవర్ ఎర్రర్ 4101: పదకొండు రోజుల లాగ్

సిస్టమ్: విండోస్ 11, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), ఒకే ఒక్క 8 పిన్ పవర్ కనెక్టర్ ఉన్న గ్రాఫిక్స్ కార్డు. కార్డు కొని నాలుగో ఏడు నడుస్తోంది. గేమ్ ఆడుతుండగా స్క్రీన్ రెండు మూడు సెకన్లు నల్లబడి తిరిగొస్తోంది, గేమ్ మాత్రం మూసుకుపోతోంది. వారంలో రెండుసార్లు బ్లూ స్క్రీన్ కూడా వచ్చింది. దాని మీద ఉన్న మాట: వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్.

1వ రోజు

ఏమీ మార్చలేదు, చూడటమే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవాలి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ ఎంచుకుని, కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీల గడిలో 4101 కొట్టాలి. పద్నాలుగు ఎంట్రీలు దొరికాయి. అన్నిటిలో ఒకటే సందేశం: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది, మళ్లీ కోలుకుంది.

ఈ సందేశం ఎందుకొస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. విండోస్ గ్రాఫిక్స్ కార్డుకి ఒక పని ఇచ్చి 2 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ ఆ పని తెమలకపోతే, వదిలిపెట్టకపోతే, కార్డుని, డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. దాన్నే టీడీఆర్ (టైమ్‌అవుట్ డిటెక్షన్ అండ్ రికవరీ) అంటారు, విస్టా నుంచి ఉంది. రీసెట్ ఫలిస్తే 4101 రాసి ఊరుకుంటుంది. ఫలించకపోతేనో, 60 సెకన్లలో ఐదుసార్లు దాటిపోతేనో బ్లూ స్క్రీన్. అంటే 4101 చెప్పేది "జవాబు రాలేదు" అని మాత్రమే. ఎవరి వల్ల రాలేదో చెప్పదు. సందేశంలో డ్రైవర్ అన్న మాట ఉంది కదా అని చాలామంది నెలల తరబడి డ్రైవర్లే మారుస్తూ ఉంటారు. నిజంగా బాధేస్తుంది.

2వ రోజు

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అందరూ డ్రైవర్ ట్యాబ్‌లో వెర్షన్ చూసి మూసేస్తారు. పక్కనే ఈవెంట్స్ ట్యాబ్ ఉంది, ఏ డ్రైవర్ ఏ తేదీన, ఎన్ని గంటలకు ఎక్కిందో వరుసగా అందులో ఉంటుంది. ఇక్కడ చివరి ఎంట్రీ రాత్రి 3 గంటల 12 నిమిషాలది. ఆ సమయంలో ఎవరూ డ్రైవర్ వేయలేదు. విండోస్ అప్‌డేట్ హిస్టరీలో డ్రైవర్ అప్‌డేట్స్ చూస్తే అదే తేదీ కనిపించింది. కార్డు కంపెనీ సైట్ నుంచి వేసిన డ్రైవర్ మీద అప్‌డేట్ పాత వెర్షన్‌ని ఎక్కించింది, కంపెనీ కంట్రోల్ ప్యానెల్ మాత్రం కొత్తదే మిగిలింది. రెంటికీ పొంతన లేదు.

3వ రోజు

పూర్తిగా తుడిచి మళ్లీ వేయడం. ఇక్కడ వరుస తప్పకూడదు.

ముందు కావాల్సిన డ్రైవర్, డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) రెండూ డౌన్‌లోడ్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకోవాలి. రీస్టోర్ పాయింట్ ఒకటి చేయాలి. బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి, సేఫ్ మోడ్‌కి వెళ్లేటప్పుడు అడగొచ్చు. సేఫ్ మోడ్‌లో పిన్ పని చేయకపోవచ్చు కాబట్టి అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఆ తర్వాత ల్యాన్ కేబుల్ పీకేయాలి, వైఫై ఆపేయాలి. ఇది మరిస్తే పడిన శ్రమంతా వృథా: పాత డ్రైవర్ తీసి రీస్టార్ట్ అయ్యీ అవ్వగానే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నది ఎక్కించేస్తుంది.

షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4. సేఫ్ మోడ్‌లో డీడీయూ తెరిచి, జీపీయూ అని, కార్డు కంపెనీ ఏదో ఎంచుకుని, క్లీన్ అండ్ రీస్టార్ట్. తిరిగొచ్చాక ఐకాన్లు పెద్దగా, బొమ్మ మొరటుగా కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, అది మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్. అప్పుడు కొత్త డ్రైవర్ వేసి, ఇంకోసారి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే ల్యాన్ పెట్టాలి.

షట్ డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్‌తో సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్‌లో విండోస్ కెర్నెల్, డ్రైవర్లు డిస్క్‌లో దాచుకున్న స్థితి నుంచే మళ్లీ లేస్తాయి.

అప్‌డేట్ మళ్లీ చేయి పెట్టకుండా అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో నో పెట్టాం. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకు గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్‌తో డ్రైవర్లు కలపవద్దు అన్న సెట్టింగ్ ఉంది, అది ఇంకా గట్టిది.

4, 5 రోజులు

బ్లూ స్క్రీన్ రాలేదు. 4101 మాత్రం రోజుకి ఒకటి. తగ్గింది, పోలేదు.

రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే విలువని 2 నుంచి 8 లేదా 10 సెకన్లకు పెంచమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గంటల తరబడి రెండర్ చేసే పనులకు అది సబబే, అక్కడ ఒక్కో పని నిజంగానే ఎక్కువసేపు పడుతుంది. గేమ్‌లో కార్డు 2 సెకన్లు పలకలేదంటే మాత్రం లోపం ఎక్కడో ఉన్నట్టే. గడువు పెంచితే నల్ల స్క్రీన్‌కి బదులు పది సెకన్లు బిగుసుకుపోయిన స్క్రీన్ వస్తుంది. ఇక్కడ ముట్టుకోలేదు.

ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆపి ఒక రాత్రి నడిపి చూశాం, తేడా లేదు. 15 నిమిషాలు కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ నడిపితే 77 డిగ్రీల దగ్గర నిలబడింది, వేడి కాదు. 8 పిన్ కనెక్టర్ క్లిప్ పూర్తిగా పడి ఉంది. హార్డ్ డిస్క్‌లకు వెళ్లే శాటా పవర్ వైరు నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్ వాడేవాళ్లు మాత్రం అది ముందు తీసేయాలి. 8 పిన్ మీద కార్డు 150 వాట్ల దాకా లాగగలదు, శాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగింది 54 వాట్లే. ప్లాస్టిక్ కరుగుతుంది.

6వ రోజు

ఆధారం దొరికింది. ఫిల్టర్ గడిలో 4101 పక్కన కామా పెట్టి 17 (హార్డ్‌వేర్ హెచ్చరికల ఐడీ) కూడా చేర్చాం. ప్రతి 4101కి ముందు నిమిషంలో వీయా లాగర్ (WHEA-Logger, విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్లు రాసే భాగం) పేరుతో పసుపు హెచ్చరికలు బారులు తీరి ఉన్నాయి: సరిదిద్దిన హార్డ్‌వేర్ ఎర్రర్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోంది, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోంది, అది శ్రుతిమించినప్పుడు 2 సెకన్ల గడువు దాటుతోంది. డ్రైవర్ కేవలం కబురు చెప్పింది.

కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ గడి చూశాం: ఎక్స్16 3.0 @ ఎక్స్8 1.1. @ గుర్తుకి ముందున్నది కార్డు సత్తా, వెనకున్నది ఇప్పుడున్న స్థితి. 1.1 చూసి భయపడకూడదు, ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదాకి కార్డు వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే 3.0కి లేచింది. ఎక్స్8 మాత్రం ఎక్స్8గానే ఉంది. ఎక్స్ తర్వాతి అంకె లేన్ల (డేటా దారుల) సంఖ్య, అంటే సగం లేన్లు లేవు. కొన్ని చవక కార్డులు తయారీలోనే ఎక్స్8, కొన్ని మదర్‌బోర్డుల్లో రెండో ఎం.2 (ఎస్ఎస్‌డీ) స్లాట్ నింపితే ఎక్స్8కి పడిపోతుంది. మాన్యువల్ చూశాం, ఇక్కడ ఆ రెండూ కావు.

7వ రోజు

సైడ్ ప్యానెల్ తీసి పక్కనుంచి చూస్తే కార్డు చివర ముక్కాలు సెంటీమీటరు కిందికి వాలి ఉంది. ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు దించేశాం. క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకాలి. 8 పిన్ ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, స్లాట్ చివరి లాక్ నొక్కిపట్టి, కార్డుని అటూ ఇటూ ఊపకుండా తిన్నగా లాగాలి.

బంగారు పూత అంచు మీద, లాక్ ఉండే చివరి సగంలో, బూడిదరంగు జిడ్డు పొర ఉంది. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. వద్దు, పొట్టు స్లాట్‌లో రాలుతుంది, పూత అరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నూగు రాలని గుడ్డకి అద్ది, అంచు పొడవునా ఒకే దిశలో తుడిచి, పది నిమిషాలు ఆరబెట్టాం. స్లాట్‌లో దుమ్ము బ్లోయర్‌తో ఊదాం. కార్డు ఫ్యాన్ మీద ఊదేటప్పుడు రెక్క వేలితో పట్టుకోవాలి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. మళ్లీ పెట్టి, లాక్ టక్కుమనే దాకా నొక్కి, చివర కింద నిలువు సపోర్ట్ ఒకటి నిలబెట్టాం.

ఆన్ చేసి రెండర్ టెస్ట్: ఎక్స్16 3.0 @ ఎక్స్16 3.0.

8 నుంచి 11

రోజూ రెండు గంటల గేమ్, 15 నిమిషాల ఫర్‌మార్క్. 4101 సున్నా, 17 సున్నా. నిద్ర నుంచి మానిటర్ లేచినప్పుడు అర సెకను మినుకు మాత్రం మిగిలింది, లాగ్‌లో దాని జాడ లేదు. తర్వాత చేయాల్సింది: డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మార్చి చూడటం. డ్రైవర్‌ని మాత్రం కదిలించం.