గుడిస దారిలో జిప్సీకి పట్టిన వణుకు

సూర్యాపేట దాటి ఖమ్మం రోడ్డెక్కాక వచ్చింది ఆ వణుకు. ఉదయం ఏడు కావస్తోంది, రోడ్డు ఖాళీ, స్పీడు 75. ఒక చిన్న వంతెన, దాని మొదట్లో రోడ్డుకీ స్లాబుకీ మధ్య అతుకు. ముందు చక్రాలు దాని మీద పడ్డాయి, అంతే. స్టీరింగ్ నా చేతుల్లోంచి గుంజుకుని కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. బానెట్, అద్దాలు, డాష్‌బోర్డు అన్నీ కలిసి ఊగిపోయాయి. పక్క సీట్లో మా బావ రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని, "బ్రేక్ కొట్టకు, కాలు తియ్యి చాలు" అని అరిచాడు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా గట్టిగా పట్టుకుని మాత్రం ఉన్నాను. 40కి దిగేదాకా ఆగలేదు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు బండి తిన్నగా పోయింది.

పక్కకు తీసి ఆపాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. పక్క లేనులో లారీ ఉండి ఉంటే అన్న ఆలోచన ఇద్దరికీ వచ్చిందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటేనే తెలుస్తోంది.

ఈ ప్రయాణం కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాం. భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దాటి, పుల్లంగి వైపు ఎక్కి, గుడిస కొండ మీద తెల్లవారుజామున నిలబడాలని. మేం వెళ్లినప్పుడు ఆ కొండకి మామూలు కార్లు పోయేవి కావు, జీపులే. మాది పాత మారుతీ జిప్సీ, 1300 సీసీ పెట్రోలు బండి. ముందూ వెనకా రెండు వైపులా స్ప్రింగులుగా పనిచేసే కమాన్ పట్టీలు, రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. ఇలాంటి బండి రాళ్ల దారిలో ఎంత నమ్మకంగా నడుస్తుందో నడిపినవాళ్లకే తెలుసు. ఈ ట్రిప్పు కోసమని రెండు నెలల క్రితం దాన్ని రెండంగుళాలు ఎత్తు చేయించాను. కమాన్ కొనని చాసిస్‌కి తగిలించే షాకిళ్లు పొడుగువి వేశారు, కమాన్‌లో ఒక పట్టీ కలిపారు. కంపెనీ ఇచ్చిన 205 టైర్లు తీసి 235/75 ఆర్ 15 ఎక్కించారు. చూడ్డానికి బండి ఎంతో బాగుంది. ఊళ్లో తిప్పినన్నాళ్లూ ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే ఊళ్లో 60 దాటిందే లేదు.

ఖమ్మంలో ఒక టైర్ల షాపులో ఆపాం. వాళ్లు నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగ్ చేశారు. ముందు చక్రం ఒకదానికి కాస్త సీసం పట్టింది. తర్వాత స్టీరింగ్ డ్యాంపర్ నొక్కి చూసి, "ఇది పోయింది సార్, ఇదే మీ ప్రాబ్లం" అన్నారు. డ్యాంపర్ అంటే ముందు చక్రాలు రెండిటినీ కలిపే టై రాడ్ దగ్గర అడ్డంగా ఉండే సన్నటి షాక్ అబ్జార్బర్ లాంటిది. అది నిజంగానే మెత్తబడిపోయి ఉంది. కొత్తది వేయించి బయల్దేరాం. కొత్తగూడెం దాకా బండి పూలరథంలా పోయింది. బావ పాటలు కూడా పెట్టాడు.

పాల్వంచ దాటాక, థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు ఇంకా వెనక కనిపిస్తుండగానే, రోడ్డు మీద ఒక అతుకు తగిలి మళ్లీ మొదలైంది. ఈసారి మొదటిసారి కంటే గట్టిగా.

అప్పుడు అర్థమైంది, డ్యాంపర్ రోగాన్ని కప్పిపెట్టిందే తప్ప తగ్గించలేదని. ఇది చాలామంది చేసే పొరపాటు కాబట్టి ఇక్కడ ఆగి చెబుతున్నాను. చక్రం బ్యాలెన్సు తప్పితే వచ్చే వణుకు వేరు. అది ఒక స్పీడు దగ్గర మెల్లగా మొదలై, ఆ స్పీడు దాటితే తగ్గుతుంది, గుంతతో పనిలేదు. మాకు వచ్చింది అలాంటిది కాదు. ఒక దెబ్బ తగలగానే పుట్టి, స్పీడు పూర్తిగా తగ్గేదాకా తనంతట తానే పెరుగుతూ పోయేది. అంటే ఇరుసుకీ చక్రానికీ మధ్య ఎక్కడో వదులు ఉందన్నమాట. ఆ వదులుకి తోడు చక్రాలు తమంతట తాము తిన్నగా నిలబడే గుణం కూడా పోయి ఉండాలి. రెండూ కలిసినప్పుడు ఎంత మంచి డ్యాంపర్ వేసినా కొన్నాళ్లే.

అక్కణ్ణుంచి సారపాక దాకా 40 దాటకుండా, ఎడమ అంచు పట్టుకుని వచ్చాం. గోదావరికి ఇవతలి గట్టు సారపాక, అవతల భద్రాచలం. పేపరు మిల్లుకి కర్ర తెచ్చే లారీలు అక్కడ వరసలు కట్టి ఉంటాయి, అందుకే రోడ్డు పక్కన లారీ మెకానిక్కులూ కమాన్ల షాపులూ ఉన్నాయి. ఒక షెడ్డు ముందు పాత మహీంద్రా జీపు ఇరుసు విప్పి పెట్టి ఉంది. గట్టి ఇరుసు బండి పని తెలిసినవాళ్లే అయ్యుంటారని అక్కడ ఆపాం. అరవై దాటిన పెద్దాయన, ఏజెన్సీలో తిరిగే జీపులన్నీ ఒకప్పుడు తన దగ్గరికే వచ్చేవట. జరిగింది చెప్పాను. ఆయన బండిని చూడలేదు, ముందు నన్ను ప్రశ్నలు అడిగారు. దెబ్బ తగిలితేనే వస్తుందా, ఊరికే వస్తుందా? ఎత్తు చేయించి ఎన్నాళ్లయింది? నీళ్లలో దింపావా? మూలమలుపు తిరిగాక స్టీరింగ్ వదిలేస్తే అదే మధ్యకి వస్తుందా?

చివరి ప్రశ్నకి నేను ఆలోచించాల్సి వచ్చింది. రావడం లేదు. ఎత్తు చేయించినప్పటి నుంచీ మలుపు తర్వాత నేనే తిప్పి తెస్తున్నాను. అది గమనించాను కానీ పెద్ద టైర్ల వల్ల అనుకున్నాను.

"సరే బాబూ, ఒక్కోటీ పట్టుకుని చూద్దాం" అన్నారు.

ముందు బండి నేల మీదే ఉంచి, బావని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నారు. ఆయన కింద పడుకుని ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి ఉంచారు. "కళ్లకి కనపడని ఆట చేతికి తెలుస్తది" అని నా చెయ్యి కూడా పట్టించారు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వచ్చే డ్రాగ్ లింక్ చివర, టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించిన చోటు, పట్టీల బుష్‌లు. టై రాడ్ ఎండు ఒకదాంట్లో వేలికి టిక్ టిక్ అని చిన్న దెబ్బ తెలిసింది. మిగతావి బాగున్నాయి.

తర్వాత ఇరుసు కింద జాకీ పెట్టి ఎడమ చక్రం లేపారు. టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపారు. కటక్ కటక్ మంది. నేను వీల్ బేరింగ్ అనుకున్నాను. "తొందరపడకు" అని బావని బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపారు. అదే కటక్. బ్రేక్ తొక్కినప్పుడు చక్రం బిగించే హబ్బు, స్టీరింగ్‌తో పాటు పక్కకి తిరిగే నకిల్‌కి అతుక్కుపోతుంది, కాబట్టి వీల్ బేరింగ్ ఆట అయితే ఆగిపోవాలి. ఆగలేదంటే వదులు దాని లోపల ఉంది, నకిల్ ఇరుసు చివర ఏ పిన్ను మీద తిరుగుతుందో ఆ కింగ్ పిన్ దగ్గర. అర నిమిషం పరీక్ష. పొద్దున టైర్ల షాపులో ఇదొక్కటి చేసి ఉంటే మధ్యాహ్నం దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడపాల్సిన పని లేకపోయేది.

నకిల్ విప్పితే కింది కింగ్ పిన్ బేరింగ్ చేతికి వచ్చింది. గ్రీజు గ్రీజులా లేదు, నీళ్లు కలిసి పాలు కలిపిన కాఫీ రంగులో ముద్దయిపోయి ఉంది. నకిల్ ఆయిల్ సీలు అంచు చిరిగి, వాగుల్లో దిగినప్పుడల్లా నీళ్లు లోపలికి పోయాయి. బేరింగ్ కూర్చునే ఉక్కు రింగుని, అంటే రేసుని, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. దాని లోపలి గోడ మీద గోరు తిప్పితే వరసగా గాట్లు తగిలాయి, ఒక్కో రోలరూ తను నిలబడ్డ చోటే దిగబడి గుంట చేసుకుంది. చక్రం ఎక్కువసేపు తిన్నగానే ఉంటుంది కదా, అందుకే ఆ గుంటలన్నీ తిన్నగా పోయే స్థితిలోనే పడతాయట. కుడి వైపుది అంత పాడు కాలేదు కానీ రెండూ కలిపే మార్చాలన్నారు.

బేరింగులు, సీళ్లు, టై రాడ్ ఎండు భద్రాచలంలో దొరకలేదు. ఖమ్మంలో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి ఫోన్ చేసి బేరింగ్ మీది నంబరు చదివి చెబితే, రాత్రి బస్సుకి పార్సిల్ వేస్తామన్నారు. బండి షెడ్డులో వదిలి ఆటోలో వంతెన దాటి భద్రాచలంలో గది తీసుకున్నాం. సాయంత్రం రాముడి దర్శనం చేసుకుని గోదావరి మెట్ల మీద కూర్చుంటే, ఎండాకాలం ముందు నది ఎంత వెనక్కి తగ్గిందో చూస్తూ బావ అన్నాడు, "ఇవాళ్టికి మనం ఇక్కడ కూర్చోగలగడమే ఎక్కువ." నాకూ అదే అనిపిస్తోంది.

మర్నాడు అసలు పాఠం. బేరింగులు వేయడం ఒక్కటే అయితే మధ్యాహ్నానికి బయల్దేరేవాళ్లం. పెద్దాయన నకిల్ పైని కప్పు మీద నా ఫోన్ పెట్టించి, అందులో మట్టం చూసే యాప్ తెరవమన్నారు. వాలు అర డిగ్రీ చూపించింది. జిప్సీకి ఉండాల్సింది మూడున్నర దాకా.

ఈ వాలునే క్యాస్టర్ అంటారు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది. ఫోర్కుని నిటారుగా చేస్తే చక్రానికి తన దారి తనకి తెలియదు, ఆసుపత్రి స్ట్రెచర్ చక్రంలా గడగడ ఊగుతుంది. జిప్సీలో ముందు కమాన్‌కి షాకిల్ బండి ముందు వైపు ఉంటుంది. అక్కడ పొడుగు షాకిల్ వేస్తే కమాన్ ముందు కొన కిందికి దిగుతుంది, దానితోపాటు ఇరుసు మొత్తం ముందుకి తిరుగుతుంది, వాలు పోతుంది. రెండంగుళాలు పొడుగు షాకిల్ వేస్తే ఇరుసు దగ్గర వచ్చే ఎత్తు ఒక అంగుళమే, కానీ పోయే వాలు దాదాపు మూడు డిగ్రీలు. కమాన్‌లో పట్టీ కలిపి తెచ్చిన ఎత్తుకి ఈ ఇబ్బంది లేదు. ఎత్తు చేసినవాళ్లు ఈ సంగతి నాకు చెప్పలేదు. నేనూ ఎంత ఎత్తు వస్తుందని అడిగానే గానీ, దేన్ని మారుస్తున్నారని అడగలేదు.

సరిదిద్దడానికి ఆయన పక్క లేత్ షాపులో రెండు ఉక్కు ముక్కలు చేయించారు. ఒక వైపు మందం, ఇంకో వైపు పలచన, మూడు డిగ్రీల వాలు. మార్కెట్లో అల్యూమినియంవి దొరుకుతాయి గానీ రాళ్లలో తిరిగే బండికి అవి నలిగిపోతాయని ఆయన ఒప్పుకోలేదు. కమాన్‌కీ ఇరుసుకీ మధ్య, మందం వైపు బండి ముందుకి ఉండేలా పెట్టి, నడిమి బోల్టు పొడుగుది వేసి, ఇరుసునీ కమాన్‌నీ కలిపి కట్టే యు బోల్టులు కొత్తవి బిగించారు. పాత యు బోల్టులు ఒకసారి సాగి ఉంటాయి కాబట్టి మళ్లీ వాడకూడదట.

ఆ తర్వాత నాకు బాగా నచ్చిన పని చేశారు. కింగ్ పిన్ కప్పు కింద షిమ్‌లు అనే సన్నటి రేకులు ఉంటాయి. అవి ఎక్కువైతే వదులు, తక్కువైతే బిగుతు. సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి పక్కనున్న చేపల కొట్టు నుంచి కొక్కెం త్రాసు తెప్పించారు. ఆయిల్ సీలు, టై రాడ్ తగిలించకముందే నకిల్‌కి ఉండే ఇనప చెయ్యి చివర కొక్కెం తగిలించి మెల్లగా లాగారు. మొదట అరకిలోకే కదిలింది. ఒక షిమ్ తీసి మళ్లీ లాగితే కిలోన్నర దగ్గర కదలడం మొదలైంది. "ఇదీ లెక్క" అని కుడి వైపు కూడా అలాగే చూశారు. త్రాసు మీద ఇంకా చేప పొలుసులు ఉన్నాయి. ఆ పనిలో మాత్రం గోరంత తేడా లేదు.

చివరగా టైర్ల మధ్యలో సుద్దతో గీతలు గీసి, ముందూ వెనకా టేపుతో కొలిచి, ముందు వైపు 4 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా టై రాడ్ తిప్పారు. డ్రాగ్ లింక్ సర్ది స్టీరింగ్‌ని నడిమికి తెచ్చారు. టైర్లలో 35 ఉన్న గాలిని 26కి దించారు. బ్రేక్ గొట్టాలు ఎత్తుకి సాగి బిగుసుకుంటున్నాయేమో చక్రాలు పూర్తిగా తిప్పి చూశారు. ఇన్ని చేస్తూ ఆయన అడిగిందల్లా ఒక్కటి, వంద కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులు మళ్లీ బిగించుకోమని, తిరుగు ప్రయాణంలో తనకి చూపించమని.

సాయంత్రం నాలుగింటికి గోదావరి వంతెన ఎక్కాం. అంత పొడుగు వంతెన, పొడవునా అతుకులు. నా చేతులు చెమట పట్టాయి. మొదటి అతుకు, టక్. రెండోది, టక్. ఒక్కో అతుకు మీదా స్టీరింగ్ చిన్నగా ఉలిక్కిపడి వెంటనే ఊరుకుంటోంది. వంతెన దాటి మలుపులో స్టీరింగ్ వదులు చేస్తే అది నా వేళ్ల కింద జారుతూ తనే మధ్యకి వచ్చింది. రెండు నెలలుగా మర్చిపోయిన ఆ కదలిక చూసి నాకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. అవతల ఖాళీ రోడ్డు మీద మెల్లగా స్పీడు పెంచుకుంటూ 80 దాకా వెళ్లి చూశాం. ఏమీ లేదు.

రాత్రి చింతూరులో ఉండి, పొద్దున్నే శబరి దాటి ఘాట్ ఎక్కాం. అడవి గురించి, మారేడుమిల్లిలో తిన్న బొంగులో చికెన్ గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. అక్కడే నీడలో ఆపి యు బోల్టుల మీద పానా పెట్టాను. ఎనిమిది నట్లలో మూడు కొంచెం కొంచెం తిరిగాయి. మర్నాడు చీకటితోనే గుడిస దారిలో టైర్లలో గాలి 18కి దించి, ఫోర్ వీల్ వేసి, లో గేరులో రాళ్ల మీద ఎక్కాం. ఇరుసు వాలు మార్చాం కాబట్టి, దాన్ని తిప్పే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ నుంచి శబ్దం వస్తుందేమోనని మ్యూజిక్ లేకుండా, కిటికీలు దించి వింటూ వెళ్లాం. రాలేదు. కొండ మీద గడ్డి, కింద లోయంతా మంచు, తూర్పున ఎర్రటి గీత. బావ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో సారపాకలో ఆగాం. పెద్దాయన టీ తాగుతున్నారు. లేచి వచ్చి, నేను బిగించానని చెప్పినా వినకుండా జాకీ పెట్టి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపారు. చప్పుడు లేదు. తర్వాత పానా తీసుకుని యు బోల్టులన్నీ వరసగా చూశారు. ఎడమ వైపు వెనక నట్టు ఒకటి పావు చుట్టు తిరిగింది. "ఇక పోండి బాబూ, వానాకాలం అయ్యాక సీళ్లు ఒకసారి విప్పి చూపించుకో" అని చెయ్యి తుడుచుకున్నారు.