పూతరేకులు లేటుగా వస్తున్నాయి

ఈరోజంతా స్వీట్ షాపు వెబ్ పేజీ కోడ్ మీదే కూర్చున్నా. దీపావళికి వాళ్లకి ఒక పేజీ కావాలి, పైన దీపాల వరస, మధ్యలో "శుభాకాంక్షలు" అని అక్షరాలు ఒక్కోటి లేచి రావాలి, కింద 24 ఐటమ్స్ కార్డులు. డిజైన్ ఫైల్లో ఉన్న నోట్ ఏంటంటే, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి స్మూత్‌గా రావాలట. ఎంత గ్యాప్, మొత్తం ఎంతసేపు, ఏమీ లేదు. డిజైనర్లందరూ ఇంతే అనను గానీ చాలామంది ఇంతే.

ముందు కార్డులు. ఒక్కో కార్డు యానిమేషన్ 400 మిల్లీసెకన్లు, మధ్యలో గ్యాప్ 100, చూడ్డానికి చిన్న నంబర్లే కానీ 24వ కార్డు వంతు వచ్చేసరికి 23 గ్యాపులు అయిపోతాయి కదా, అంటే 2.3 సెకన్లు ఆగి అప్పుడు మొదలై 2.7 దగ్గర పూర్తవుతుంది. లిస్టులో ఆఖరివి పూతరేకులు. అమ్మ టిఫిన్ పెట్టడానికి వచ్చి స్క్రీన్ చూసి "ఏంటే, నెట్ స్లోగా ఉందా" అంది. అంతకంటే మంచి టెస్టింగ్ ఏముంటుంది.

అందుకే గ్యాప్ ఎంత అని కాదు, మొత్తం ఎంతసేపు అని ముందు అనుకోవాలి. యానిమేషన్లకి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ జీశాప్‌లో ఈ రెండిటికీ వేరే ఆప్షన్లే ఉన్నాయి, ఈచ్ అంటే ఒక్కో గ్యాపు, అమౌంట్ అంటే మొత్తం టైం ఇచ్చేస్తే అదే పంచుకుంటుంది. కానీ మొత్తం టైం 400 మిల్లీసెకన్లే అనుకుని 24 కార్డులకి పంచితే గ్యాప్ 17 వస్తుంది, 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద అది దాదాపు ఒక్క ఫ్రేమ్, ఇంక స్టాగర్, అంటే ఇలా ఒకదాని తర్వాత ఒకటి రావడం, పెట్టి ఏం లాభం? అసలు ఫోన్లో ఒకేసారి కనపడేవి ఆరు కార్డులే. కింద ఎవరూ చూడని చోట క్యూ ఎందుకు నడపడం. కనపడే ఆరిటికి 60 గ్యాప్ ఇచ్చి, మిగతావి స్క్రోల్ చేసి అక్కడికి వెళ్లినప్పుడు మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టేలా చేశా. ఫిల్-మోడ్ బ్యాక్‌వర్డ్స్ కూడా పెట్టా (వంతు రాకముందే కార్డుని యానిమేషన్ మొదటి స్థితిలో ఉంచే సెట్టింగ్), అది లేకపోతే డిలే నడుస్తున్నంతసేపు కార్డు మామూలుగా కనిపించి, వంతు రాగానే టక్కున మాయమై మళ్లీ ఫేడ్ ఇన్ అవుతుంది, చూస్తే చిరాకు.

దీపాలకి దీనికి రివర్స్ లాజిక్. మంటలన్నిటికీ ఒకే యానిమేషన్ ఇస్తే స్కూల్లో పీటీ చేస్తున్నట్టు అన్నీ కలిసి ఊగుతాయి. మామూలు డిలే ఇస్తేనేమో మొదట కొన్ని బొమ్మల్లా నిలబడిపోతాయి. అక్కడే నెగటివ్ డిలే, అంటే యానిమేషన్ కాస్త ముందే మొదలైపోయినట్టు లెక్కపెట్టడం, పనికొస్తుంది, పేజీ తెరిచేసరికే ఒక్కో మంట తన యానిమేషన్లో ఎక్కడో మధ్యలో ఉంటుంది. రాండమ్ నంబర్ వాడలేదు, పేజీ మళ్లీ రెండర్ అయినప్పుడల్లా మంటలు ఉలిక్కిపడతాయి. ఇండెక్స్‌ని 370తో గుణించి 1600తో భాగిస్తే వచ్చే శేషాన్నే ఒక్కో మంటకి నెగటివ్ డిలేగా ఇస్తే చాలు.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తినేసింది మాత్రం అక్షరాలే. ఇంగ్లీషుకి రాసిన ట్యుటోరియల్స్ అన్నీ స్ట్రింగ్‌ని ఖాళీ స్ప్లిట్‌తో ముక్కలు చేస్తాయి, అంటే కంప్యూటర్ దాచుకునే ఒక్కో గుర్తూ విడిగా, మనకి అలా చేస్తే "శుభాకాంక్షలు" 12 ముక్కలవుతుంది, గుణింతాలు ఒంటరిగా చుక్కల సున్నాతో ఎగురుకుంటూ వస్తాయి. కాబట్టి బ్రౌజర్లోనే ఉండే, మాటల్ని సరిగ్గా ముక్కలు చేసే ఇంటల్ సెగ్మెంటర్ వాడా. గ్రాఫీమ్ (కంటికి ఒక్క అక్షరంలా కనిపించేది) అని పెడితే శు, భా, కాం దాకా బాగానే ఇస్తుంది, అసలు తంటా క్ష దగ్గర. తెలుగు ఒత్తుల్ని విడగొట్టకూడదన్న రూల్, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ ప్రమాణమైన యూనికోడ్‌లోకి వచ్చిందే 2023లో, 15.1 వెర్షన్‌తో. ఆ డేటా లేని పాత ఫోన్లలో పొల్లు క్ ఒకటి, ష ఒకటి విడివిడిగా వస్తాయి. పండగ పూట షాపు వాళ్ల పేజీలో అలా కనిపిస్తే నేను చచ్చినట్టే. చివరికి సెగ్మెంటర్ ఇచ్చిన ముక్క పొల్లుతో ముగిసి, తర్వాతది హల్లుతో మొదలైతే రెండూ కలిపేసే నాలుగు లైన్లు చేత్తో రాశా. ఇప్పుడు ఏ ఫోన్లోనైనా ఐదు అక్షరాలే. నిజంగా పొల్లు ఉండే మాటల జోలికి, అంటే ఒత్తుగా కలవకుండా ఆపే కనపడని గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టినవాటి జోలికి, ఈ కోడ్ రాదు, అదీ చూసుకున్నా.

షాపాయన ఫోన్ చేసి "రేట్లు కూడా అలా ఎగురుతూ వస్తాయామ్మా" అని అడిగారు, రావండీ, రేట్లు మొదటినుంచే కనపడతాయి అన్నా. ఫోన్ సెట్టింగ్స్‌లో మోషన్ తగ్గించుకున్నవాళ్లకి ఇవేవీ ఆడకుండా నేరుగా చూపించే కోడ్ ఇంకా మిగిలింది, రేపు పొద్దున్నే మొదట అదే.