సరుకు దొరికే నెలలోనే పని: హైదరాబాదు చుట్టుపక్కల ఒక ఏడాది లాగ్

వినాయకుడి విగ్రహానికి మంచి మట్టి ఆగస్టులో దొరకదు, అప్పటికి చెరువు నిండి ఉంటుంది. పాలలో ముంచి తీసే కలంకారీ గుడ్డ వానల్లో ఆరదు, పాల వాసన పట్టి పాడవుతుంది. కాబట్టి ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో పండగ తేదీని బట్టి కాక సరుకును బట్టి తేల్చుకోవాలి. ఈ లాగ్ మేలో మొదలవడానికి కారణం అదే.

మే – మట్టి

చెరువులు అడుగంటే నెల. పూడిక మట్టిని పొలాలకు తోలే ట్రాక్టరు వాళ్ళను అడిగితే రెండు బస్తాలు ఇస్తారు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ఈ మట్టి తోలకం ఊళ్ళలో బాగా అలవాటైంది. సొంతంగా గుంటల్లోకి దిగి తవ్వుకోవద్దు, పైకి ఎండినట్టు కనిపించినా అడుగున బురద లాగేస్తుంది.

పైపొరలో వేర్లు, గవ్వలు ఉంటాయి. అడుగు లోతున ఉన్న జిగట మట్టి కావాలి. పెన్సిలు మందాన తీగ చేసి వేలికి చుట్టి చూడండి. విరిగిపోతే ఇసుక ఎక్కువ. విరగకుండా నున్నగా చుట్టుకుంటే మట్టి బాగున్నట్టే, కానీ నల్ల రేగడి పాలు ఎక్కువైతే ఆరేటప్పుడు విపరీతంగా కుంచించుకుని పగుళ్ళిస్తుంది. మూడు పాళ్ళ రేగడికి ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి కలిపితే సరిపోతుంది.

ముందు గడ్డలను పూర్తిగా ఎండనివ్వాలి. ఎండిన గడ్డ నీళ్ళలో పడగానే తనంతట తనే విచ్చుకుంటుంది, సగం తడిగా ఉన్నది మాత్రం వారం నానినా గడ్డగానే ఉంటుంది. రెండు రోజులు నానబెట్టి, కర్రతో కలియబెట్టి, దోమతెర గుడ్డలో వడకట్టాలి. పైన తేరిన నీళ్ళు వంపేసి, చిక్కటి మట్టిని పాత చీర మీద పరిస్తే మేనెల ఎండకు ఒక్క రోజులో ముద్దకు వస్తుంది. మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్లో సెప్టెంబరు దాకా చెడదు, పైగా జిగి పెరుగుతుంది.

జూలై – బీర పాదు

మిద్దె మీద 40 లీటర్ల డ్రమ్ముకు రెండు పాదులు, అంతకు మించి వద్దు. పూత వచ్చి పిందెలు పసుపుబారి రాలిపోతుంటే ఎరువు తక్కువైందనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం పరాగం అందకపోవడం. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు పై అంతస్తులకు తేనెటీగలు రావు. చీకటి పడకముందే మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, వెనక పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దితే చాలు.

సెప్టెంబరు – విగ్రహం

25 సెంటీమీటర్ల వినాయకుడికి 4 నుంచి 5 కిలోల ముద్ద పడుతుంది. పీట మీద పాత పేపరు వేసి కూర్చోబెట్టండి. మట్టి ఆరుతూ లోపలికి గుంజుకుంటుంది, పేపరు లేకపోతే అడుగు పీటకు అతుక్కుని నడిమికి చీలుతుంది.

తొండంలో ఆధారంగా పుల్ల గుచ్చడం చాలామంది చేసే పని. పుల్ల కుంచించుకోదు, చుట్టూ ఉన్న మట్టి కుంచించుకుంటుంది, కాబట్టి తొండం సరిగ్గా పుల్ల వెంబడే పగులుతుంది. తొండాన్ని బొజ్జకు ఆనించి పెడితే పుల్ల అవసరమే ఉండదు. చెవులు, చేతులు అతికించే చోట రెండు వైపులా ఫోర్కుతో గీతలు పెట్టి, పలచటి మట్టి గుజ్జు పూసి నొక్కాలి. నీళ్ళతో తడిపి అతికిస్తే ఆరాక ఊడిపోతాయి.

రెండో రోజు, ముద్ద గట్టిపడ్డాక, అడుగు నుంచి చెంచాతో బొజ్జ లోపలి మట్టి తీసెయ్యండి. గోడ మందం రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు. పలచటి చెవులు ముందు ఆరతాయి కాబట్టి వాటి మీద తడిగుడ్డ, ఫ్యాను గాలి తగలని చోట వారం నీడ. వార్నిషు పూస్తే నిమజ్జనం చేసే బకెట్లో కరగదు. పసుపు, కుంకుమ సరిపోతాయి. నిమజ్జనానికి విగ్రహం పూర్తిగా ఎండి ఉండాలి. కారణం మేలో గడ్డల దగ్గర చెప్పిందే.

అక్టోబరు – బతుకమ్మ

గునుగు పువ్వు కాగితంలా పొడిగా ఉంటుంది, ముందురోజు కోసినా వాడదు. రంగు అద్దడానికీ అప్పుడు తీరిక దొరుకుతుంది. తంగేడు మాత్రం ఆ పొద్దున కోసిందే కావాలి. కాడలన్నీ ఒకే పొడవు కత్తిరించి, తాంబాళంలో గుమ్మడాకు పరిచి, వరుసలు చుట్టాలి. ఒరిగిపోయే బతుకమ్మల్లో తప్పు పువ్వుల పేర్పులో కాక నడుమ ఉంటుంది: ప్రతి వరుస కాగానే మధ్య ఖాళీని ఆకులతో, కత్తిరించిన కాడల ముక్కలతో గట్టిగా కూరి, ఆ మట్టం సమం చేశాకే పై వరుస మొదలుపెట్టాలి.

నవంబరు – కసిం కుండ

కలంకారీని శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. ఇంట్లో మొదలుపెట్టడానికి కలమే సులువు, అచ్చులు చెక్కించే ఖర్చుండదు. నల్లరంగును కసిం అంటారు. లీటరు నీళ్ళకు 100 గ్రాముల తుప్పు పట్టిన మేకులు, 100 గ్రాముల బెల్లం మట్టికుండలో వేసి, గుడ్డ వాసెన కట్టి మూడు వారాలు ఉంచాలి. రోజూ కర్రతో తిప్పాలి. నురగ వచ్చి, పుల్లటి వాసన పుట్టి, నురగ తగ్గాక వడకట్టుకోవాలి. మూత బిగించిన సీసాలో చేస్తే గ్యాసు పట్టి పేలుతుంది.

డిసెంబరు – గుడ్డ, కలం, గుమ్మంలో ముగ్గు

చలువ చెయ్యని నూలు గుడ్డ, మీటరు. రాత్రంతా నానబెట్టి గంజి పోయేదాకా ఉతకాలి. నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకోవాలి, బొట్టులా నిలిస్తే మళ్ళీ ఉతుకు. 50 గ్రాముల కరక్కాయ పొడిని అరలీటరు నీళ్ళలో కలిపి వడకట్టి, అరలీటరు కాచని గేదెపాలు పోసి, గుడ్డ ముంచి, పిండి ఎండలో ఆరవెయ్యాలి. పాలలో కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. టోన్డ్ పాల ప్యాకెట్టులో కొవ్వు 3 శాతమే, గీత పాకిపోతుంది. గేదెపాలు దొరక్కపోతే 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ వాడుకోవచ్చు.

కలానికి వెదురుపుల్ల కొన చెక్కి, కొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించాలి. ఉన్ని రంగును పీల్చి పెట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొనకు దిగుతుంది. గట్టిగా నొక్కితే మరక పడుతుంది, చేతిపట్టు కుదరడానికి ముందు పాత ముక్క మీద గీతలు గీయాలి. బొమ్మను ముందు చింతబొగ్గుతో వేసుకోండి.

కసిం గీత మొదట లేతగా ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిస్తే వచ్చే నలుపు అది. గోధుమరంగులోనే ఆగిపోతే కరక్కాయ తక్కువైందని అర్థం. కసిం మరీ చిక్కగా ఉన్నా ప్రమాదమే, మిగులు ఇనుము కొన్నేళ్ళకు గీతల వెంబడి గుడ్డను చివికిస్తుంది. అందుకని గీత ఆరగానే పారే నీళ్ళలో జాడించాలి. కాళహస్తిలో దానికి స్వర్ణముఖి నది ఉంది. అపార్టుమెంట్లో కుళాయి కింద పైపు పెట్టి, గుడ్డను మడవకుండా పట్టుకోవాలి, మడిస్తే నలుపు అవతలి పొరకు అంటుతుంది.

ధనుర్మాసం కాబట్టి పొద్దున్నే ముగ్గు సాధన కూడా. మొదటివారం 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా: మొత్తం 37 చుక్కలు. 15 నుంచి 8కి వెళ్తే 169. నడుమ వరుసే ముందు పెట్టండి, పై అంచు నుంచి మొదలుపెడితే చుక్కలు పక్కకు జరుగుతూ పోతాయి. నేల తడి ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు పిండి నిలుస్తుంది.

జనవరి – పక్షులు

2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు దగ్గరే ఉంది. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. పొద్దున తూర్పు గట్టున నిలబడితే ఎండ వీపు వెనక ఉండి రంగులు తెలుస్తాయి, పడమటి గట్టు నుంచి అన్నీ నల్ల నీడలే.

ఫిబ్రవరి – ఎరుపు

డిసెంబరులో నలుపు గీసిన గుడ్డ మీద ఎర్రబడాల్సిన చోట్ల పటిక నీళ్ళు కలంతో పుయ్యాలి, లీటరుకు 100 గ్రాములు. రెండు రోజులు ఆగి, జాడించి, మంజిష్ఠ వేరు వేసిన నీళ్ళలో గంటసేపు మెల్లగా ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. నీళ్ళు తెర్లితే ఎరుపు గోధుమరంగులోకి తిరుగుతుంది, కాబట్టి మంట సిమ్ములోనే. పసుపురంగు కరకపువ్వు కషాయంతో, నీలం నీలిమందుతో, ఎరుపు తర్వాతే. పసుపును ముందు వేస్తే ఉడకబెట్టేటప్పుడు దిగిపోతుంది.