పాత సైకిల్‌కు ఓవరాలింగా, కొత్తదా: నా అనుభవం

మూలపడిన 28 అంగుళాల అట్లాస్ అది. ఓవరాలింగ్ (అంతా విప్పి బాగుచేయడం) చేయాలా, కొత్తది కొనాలా అన్నది పైతుప్పు చూసి తేల్చలేదు. ముందు ఫ్రేమ్ చూశాను. హ్యాండిల్ గొట్టం నుంచి వెనక ఇరుసు దగ్గరికి, అక్కణ్ణుంచి రెండోవైపుగా మళ్లీ హ్యాండిల్ గొట్టానికి దారం బిగించి లాగాను. సీటు గొట్టానికీ దారానికీ ఎడం రెండు పక్కలా సమానంగా ఉంది, అంటే ఫ్రేమ్ వంగలేదు. ఫోర్కు మెడ దగ్గర, పెడల్ ఇరుసు అతుకుల దగ్గర పెయింటు సన్నగీతలా చీలితే అది పగులే. అలాంటి సైకిల్ మీద పైసా పెట్టకూడదు.

తర్వాత రిమ్ములు. టైర్లు విప్పి, లోపల నిప్పుల్ (పుల్లను, అంటే స్పోకును, రిమ్ముకు బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. పొట్టు రాలినా కింద ఇనుము గట్టిగా తగిలింది. మొన లోపలికి దిగితే మాత్రం రిమ్ము మార్చాల్సిందే. ముందు 32, వెనక 40 పుల్లలు మళ్లీ అల్లించాలి కాబట్టి కూలి బాగా పెరుగుతుంది. రెండు రిమ్ములూ పోయి, ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం), చైను కూడా అరిగితే కొత్తది కొనడమే మేలు.

అన్నిటికంటే మొండిది కాటర్ పిన్ను, అంటే క్రాంక్‌ను (పెడల్ ఉండే ఇనుప చేతిని) పెడల్ ఇరుసుకు బిగించే పిన్ను. నట్టును పిన్ను కొస దాకా వదులు చేసి, క్రాంక్ కింద నేలకు ఆనేలా ఇనుప గొట్టం నిలబెట్టి, బరువైన సుత్తితో ఒకే దెబ్బ వేయాలి. కింద ఆనిక లేకపోతే ఆ దెబ్బ ఇరుసు లోపలి బాల్స్ (ఇనుప గుండ్లు) మీద పడి, అవి తిరిగే కప్పులు గుంటపడతాయి. తిరిగి బిగించేటప్పుడు, ఒక క్రాంక్ పైకి ఉంచితే దాని నట్టు ఎటు ఉందో, రెండోది పైకి తెచ్చినప్పుడు దాని నట్టూ అటే ఉండాలి. లేకపోతే పెడళ్లు ఒక గీతలో రావు. కొన్నాళ్లు తొక్కాక నట్టు మళ్లీ బిగించాలి. అది వదిలేస్తే పిన్ను అరిగి, తొక్కినప్పుడల్లా టక్కుటక్కుమంటుంది.

పెడల్ ఇరుసుకు పక్కకు 11, వెనక హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) పక్కకు 9 చొప్పున పావు అంగుళం బాల్స్ పడ్డాయి. పాతవాటిలో కొత్తవి కలపకూడదు. అరగని కొత్తవి కాస్త పెద్దవిగా ఉంటాయి, బరువంతా వాటి మీదే పడి కోను (బాల్స్ ఆని తిరిగే శంకువు ముక్క) చెక్కుకుపోతుంది. కిరోసిన్‌తో కడిగాక కోను గాడిలో గోరు నడిపి చూశాను. గోరుకు గుంట తగిలిన కోన్లన్నీ మార్చాను. ఎడమ పెడల్‌కు మర ఎదురుగా ఉంటుంది, పానా జాగ్రత్తగా తిప్పాలి.

చైను 24 లింకుల పొడవు 12 అంగుళాలుండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే అరిగినట్టే. చైనుతోపాటే ఫ్రీవీల్ కూడా మార్చాను. అరిగిన పళ్ల మీద కొత్త చైను జారుతుంది.

అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడినా సామాను దొరకదన్న దిగులు అక్కర్లేదు. హీరో, హెర్క్యులస్ రోడ్‌స్టర్లవి (ఇలాంటి మామూలు పెద్ద సైకిళ్లవి) చాలావరకు సరిపోతాయి. టైరు కొనేటప్పుడు మాత్రం షాపులో ఉత్తగా ‘28’ అనకండి. దీనికి పట్టేది 28 × 1½, పక్కన 635 (లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో) అని ఉంటుంది. 622 అని ఉన్నది కూడా 28 పేరుతోనే అమ్ముతారు, కానీ ఈ రిమ్ముకు ఎక్కదు.